మీ పాత కేస్ షీటు ఎక్కడికి వెళ్ళింది?

ఈమధ్య ఓ.పి. కౌంటరు దగ్గర నిలబడితే రోజుకు పదిసార్లయినా ఒక ప్రశ్న వినబడుతోంది. "సిస్టర్ గారూ, ఇదివరకు పేరు చెబితే చాలు, అటెండరు లోపలికి వెళ్ళి మా కట్ట తెచ్చేవాడు. ఇప్పుడు ఇన్ని ప్రశ్నలెందుకండీ? ఫోను నంబరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ... మేమేమైనా కొత్తవాళ్ళమా?" అని. కొందరు నవ్వుతూ అడుగుతున్నారు, కొందరు విసుక్కుంటున్నారు. జ్వరంతో నిలబడ్డవారికి ప్రశ్నలు భారమే, విసుక్కోవడంలో తప్పులేదు. అందుకే ఈ సంచికలో మందుల గురించి, ఆహారం గురించి కాక మీ కాగితాల గురించి రాస్తున్నాను.

ఆసుపత్రి అంటే సగం మందులు, సగం కాగితాలు. కేస్ షీటు, లాబ్ రిపోర్టు, ఆపరేషన్ అంగీకార పత్రం, ఎక్స్‌రే, మత్తు డాక్టరు రాసిన షీటు, డిశ్చార్జి కాగితం, బిల్లు, ఇన్సూరెన్సు వారి ఉత్తరం. ఇవన్నీ ఇంతకాలం తలా ఒక బీరువాలో ఉండేవి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కాగితాలను స్కాన్ చేసి కంప్యూటరులో పంపించడం మాకు అలవాటైంది గాని, పంపిన తరువాత ఆ స్కాను ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు అన్నిటినీ ఒక్క పద్ధతి కిందికి తెస్తున్నాం. కంప్యూటరు వారు దీనిని ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్ అంటారు. పేరు పెద్దది, విషయం చిన్నది. ఒక సంస్థలోకి వచ్చే ప్రతి కాగితం ఎక్కడ పెట్టాలి, ఎలా వెతకాలి, ఎవరు చూడవచ్చు, ఎన్నాళ్ళు ఉంచాలి, ఎప్పుడు తీసివేయాలి అన్నది ముందే నిర్ణయించి, దాని ప్రకారం నడుచుకోవడం.

సాఫ్ట్‌వేరు కొనడం ఒక్కరోజు పని. ఆ నిర్ణయాలు చేయడానికి మాత్రం మాకు దాదాపు ఏడాది పట్టింది. కమిటీలో ఇద్దరు డాక్టర్లు, రికార్డు రూము గుమస్తా గారు, లాబ్ నుండి ఒకరు, అకౌంట్స్ నుండి ఒకరు, కంప్యూటరు చూసే కుర్రవాడు, నేను. అందరిలోకీ ఎక్కువ తెలిసినవారు గుమస్తా గారేనని రెండో మీటింగులోనే అర్థమైంది.

ఒక పాత సంగతి చెబితే ఈ ప్రశ్నలన్నీ ఎందుకో మీకే తెలుస్తుంది. నేను స్టాఫ్ నర్సుగా వేరొక చోట నైట్ డ్యూటీ చేస్తున్న రోజులు. కాలికి పుండు ముదిరి, బాగా జ్వరంతో ఒకామెను తీసుకువచ్చారు. పాత రోగి అన్నారు గనుక పేరు, ఊరు చెప్పి షీటు తెప్పించాను. డాక్టరు గారు చూసి పెన్సిలిన్ ఇంజక్షన్ రాశారు. నేను మందు కలిపి ఆమె దగ్గరకు వెళ్ళి "మరియమ్మ గారేనా?" అని అడిగాను. ఆమె తల ఊపింది. అప్పుడు మంచం పక్కన కింద కూర్చున్న అత్తగారు, "అమ్మా, ఆ సూది కాదుగా? కిందటిసారి ఇక్కడే ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఊపిరి ఆడలేదు మా కోడలికి" అంది. నా చేతిలో షీటు మళ్ళీ చూశాను. అటువంటి మాటే లేదు. సిరంజి ట్రేలో పెట్టేసి రికార్డు రూముకు నేనే వెళ్ళాను. అదే ఊరు, అదే పేరుతో రెండు షీట్లున్నాయి. రెండో దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది, పెన్సిలిన్ పడదని.

ఆ రాత్రి నాది కూడా తప్పే. "మీరు ఫలానా గారేనా" అని అడిగితే జ్వరంలో ఉన్నవారు దేనికైనా తల ఊపుతారు. చెవులు సరిగా వినబడని పెద్దవారు మర్యాద కోసం అయినా ఊపుతారు. కనుక ఇప్పుడు మా పిల్లలకు నేర్పేది ఏమిటంటే, పేరు మనం చెప్పకూడదు, వారి నోటితో చెప్పించుకోవాలి. "మీ పేరు చెప్పండమ్మా, పుట్టిన తేదీ చెప్పండి" అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రత కోసం ఇచ్చిన సూచనలలో ఇది ఒకటి. రోగిని గుర్తించడానికి కనీసం రెండు ఆనవాళ్ళు ఉండాలి, మంచం నంబరు, గది నంబరు అందులో లెక్కకు రావు. వార్డులో మిమ్మల్ని మూడోసారి పేరు అడిగిన సిస్టరు మతిమరుపు మనిషి కాదని దయచేసి గమనించగలరు.

ఇక మొదటి నిర్ణయం, మనిషికి ఒక్కటే నంబరు. ఇది చాలా పాత ఆలోచన. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఒకప్పుడు డాక్టర్లు ఎవరి లెడ్జరు పుస్తకంలో వారు రాసుకునేవారు. ఒకే రోగి వివరాలు నాలుగు పుస్తకాలలో ఉండేవి. 1907లో డాక్టర్ హెన్రీ ప్లమ్మర్, మేబెల్ రూట్ అనే సహాయకురాలితో కలిసి ఆ పద్ధతి మార్చారు. ప్రతి రోగికి ఒక నంబరు, ఆ నంబరుతో ఒక కవరు, ఏ డాక్టరు చూసినా ఆ కాగితం ఆ కవరులోకే. తరువాత ఎన్నో దేశాల ఆసుపత్రులు నడిచింది ఆ దారిలోనే. మన దగ్గర మాత్రం మొన్నమొన్నటి దాకా ఓ.పి.కి ఒక నంబరు, అడ్మిషన్‌కు ఒకటి, లాబ్‌కు ఒకటి, కాన్పుల పుస్తకంలో ఇంకొకటి. ఒక గర్భిణీ స్త్రీ తొమ్మిది నెలలలో నాలుగు నంబర్ల మనిషి అయ్యేది.

సరే, ఏ నంబరు వాడాలి? ఆధార్ వాడితే పోతుంది కదా అని కమిటీలో వెంటనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. అర్ధరాత్రి పుట్టిన బిడ్డకు ఆధార్ ఎక్కడిది? రోడ్డు ప్రమాదంలో స్పృహ లేకుండా వచ్చినవారిది ఎవరు చెబుతారు? పైగా చేతికి కట్టే బ్యాండు మీద, లాబ్ సీసా మీద ఆధార్ అచ్చువేసి వార్డంతా తిప్పడం మంచిది కాదు. ఫోను నంబరు అన్నారు ఇంకొకరు. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో, సిమ్ మార్చేవారు ఎందరో. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2021 నుండి దేశమంతటా ఇస్తున్న పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఉన్నవారిది రాసుకుంటున్నాం, కాని అది ఇష్టమైనవారు తీసుకునేది, లేదని వైద్యం ఆపలేం. కనుక ఆధార్, ఫోను, ఆభా దేనిగడిలో అది ఉంటుంది. వెతకడానికి పనికివస్తుంది. గుర్తింపు మాత్రం మన ఆసుపత్రి నంబరే.

ఆ నంబరులో ఊరి కోడు, జిల్లా కోడు, సంవత్సరం పెడితే చూడగానే తెలుస్తుందని ఒక సలహా వచ్చింది. బాగానే ఉందనిపించింది. గుమస్తా గారు మెల్లగా, "2022లో మన రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయ్యాయి గదండీ, అప్పుడు వేసిన నంబర్లన్నీ అబద్ధమయ్యేవి" అన్నారు. అంతే, ఆ సలహా అక్కడితో ఆగిపోయింది. నంబరులో అర్థం ఏమీ పెట్టకూడదు, అర్థం మారుతుంది, నంబరు మారకూడదు. చివర ఒక అంకె మాత్రం కంప్యూటరే ముందున్న అంకెలతో లెక్కకట్టి వేస్తుంది. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పుపడితే ఆ లెక్క కుదరదు, కంప్యూటరు తీసుకోదు. ఇంకొకరి షీటు తెరుచుకునే ప్రమాదం చాలావరకు అక్కడే తప్పుతుంది.

పేర్ల దగ్గర మేము పడిన కష్టం వేరే. మన సంఘ కుటుంబాలలో చాలామందికి రెండు పేర్లు. బడి సర్టిఫికెట్‌లో సుబ్బలక్ష్మి, బాప్తిస్మం తరువాత ఎస్తేరు. బంధువులు పిలిచేది చిన్నమ్మాయి. పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. ఇంటిపేరు ముందు రాసేవారు కొందరు, చివర రాసేవారు కొందరు, ఒక్క అక్షరంతో సరిపెట్టేవారు మరికొందరు. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తాం. అందుకని ఒక మనిషికి ఎన్ని పేర్లయినా రాసుకునే గది పెట్టించాం. సర్టిఫికెట్ పేరు ముందు ఉంటుంది, మిగతావి దాని కింద ఉంటాయి, దేనితో వెతికినా దొరుకుతుంది. తెలుగు పేరు యూనికోడ్‌లోనే టైపు చేయాలని గట్టిగా చెప్పాం. ఇదివరకు డి.టి.పి. ఫాంటులో టైపు చేసిన లిస్టులు చూడడానికి తెలుగే గాని, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గుర్తులు వచ్చేవి, వెతికితే దొరికేవి కావు.

పుట్టిన తేదీ ఇంకొకటి. మన పెద్దవారిని అడిగితే "దివిసీమ ఉప్పెన నాటికి నా పెద్దకొడుకు చంకలో ఉన్నాడు" అంటారు. అది 1977 నవంబరు. లెక్కవేస్తే వయసు సుమారుగా తెలుస్తుంది. కాని కంప్యూటరు గడి ఖాళీగా ఒప్పుకోకపోతే కౌంటరులోని పిల్లలు ఏం చేస్తారు? జనవరి ఒకటి అని కొట్టేస్తారు. మొదటి నెలలో చూస్తే ఊళ్ళో సగం మంది జనవరి ఒకటిన పుట్టినవారే! రెండు ఆనవాళ్ళలో ఒకటి పనికిరాకుండా పోయింది. ఇప్పుడు "సుమారు వయసు" అని వేరే గుర్తు పెట్టాం. అది ఉంటే రెండో ఆనవాలుగా తండ్రి లేక భర్త పేరు అడుగుతాం.

స్కానింగు విషయానికి వస్తే, చాలామంది అనుకునేది కాగితం స్కాన్ చేస్తే కంప్యూటరుకు అంతా తెలిసిపోతుందని. అది ఫోటో మాత్రమే. ఫోటోలో డాక్టరు గారి చేతిరాత ఉంటుంది. దానిని మా అంతటివారే ఒక్కోసారి చదవలేం, యంత్రం ఏం చదువుతుంది? కనుక ప్రతి కాగితంతో పాటు అది ఏ రకం కాగితం, ఎవరిది, ఏ తేదీది అని చేత్తో కొట్టాలి. మొదట్లో ప్రతి విభాగం వారు తమకు కావలసిన రకాలు అడిగారు. అందరినీ సంతోషపెట్టబోయి అరవైకి పైగా రకాలు పెట్టాం. నెల తరువాత తీసి చూస్తే ఎక్కువ కాగితాలు "ఇతరములు" అన్న దానిలో ఉన్నాయి. రద్దీలో ఎవరు అరవై పేర్లు చదువుతారు? మళ్ళీ కూర్చుని పద్నాలుగుకు తగ్గించాం, "ఇతరములు" తీసివేశాం. నన్నడిగితే ఏడాదిలో మేము చేసిన మంచి పని అదే.

గోడౌనులో ఉన్న పాత కట్టలన్నీ స్కాన్ చేయలేదు. అంత డబ్బు లేదు, అవసరమూ లేదు. మీరు వచ్చిన రోజున మీ పాత షీటు తీసి, అందులో డిశ్చార్జి కాగితాలు, ఆపరేషన్ వివరాలు, బయాప్సీ రిపోర్టులు, మందు పడని సంగతి, ఇవి మాత్రం ఎక్కిస్తున్నాం. గంట గంటకూ రాసిన పాత జ్వరం చార్టు ఎవరికీ అక్కరలేదు. మొదటిసారి పదిహేను నిమిషాలు ఆలస్యమయ్యేది ఇందుకే.

మందు పడని సంగతిని మాత్రం స్కానుకు వదలలేదు. అది టైపు చేసి, ఏ పేజీ తెరిచినా పైన ఎర్రగా కనబడేలా పెట్టించాం. ఇక్కడ ఒక చిన్న పట్టుదల నాది. ఆ గడిలో "ఉంది", "లేదు" అని రెండే ఉంటే సరిపోదన్నాను. మూడోది కావాలి, "ఇంకా అడగలేదు" అని. గడి ఖాళీగా ఉంటే డాక్టరు గారు ఏమీ లేదనుకుంటారు. ఆ రాత్రి నా చేతిలోని షీటు కూడా ఖాళీయే కదా. ఇప్పుడు అడగనంత వరకు ఆ గడి పసుపు రంగులో ఉంటుంది. వార్డులో మొదటి మోతాదు ఇచ్చే ముందు ఎవరో ఒకరు అడిగి తీరాలి.

తరువాత అందరికంటే మీకు ముఖ్యమైనది, నా కాగితం ఎవరు చూస్తారు అన్నది. మనది చిన్న ఊరు. మా స్టాఫులో సగం మంది మీతో పాటు ఆదివారం ఆరాధనలో కూర్చునేవారే. ఒకే గాయక బృందంలో పాడేవారు, ఒకరికొకరు వియ్యంకులయ్యేవారు. బీరువా తాళం ఉన్న రోజుల్లో రహస్యం గుమస్తా గారి చేతిలో ఉండేది. కంప్యూటరు అయ్యాక ఎక్కడినుండైనా తెరవవచ్చు. పెళ్ళి సంబంధం చూస్తున్న అమ్మాయి రిపోర్టులు ఎవరైనా చూస్తే? ఇది ఊహ కాదు. ప్రయోగంగా నడిపిన రోజుల్లో ఒక ఉద్యోగి తనకు పనిలేని ఒక పొరుగింటి వారి షీటు తెరిచినట్టు మాకు కనబడింది. చెడు ఉద్దేశం లేదు, పరామర్శకు వెళ్ళే ముందు జబ్బేమిటో తెలుసుకుందామని. అయినా గట్టిగా మందలించాం, షీటు ఎవరిదో వారికి మేమే చెప్పాం. చెప్పాలా వద్దా అని కమిటీలో ఒక పూటంతా వాదన జరిగింది. చెప్పాలన్న పక్షంలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఎవరి పనికి తగినంత వారికే కనబడుతుంది. అకౌంట్స్ వారికి బిల్లు, ఏ పరీక్ష చేశారన్నది కనబడుతుంది, ఫలితం కనబడదు. వార్డు సిస్టర్లకు తమ వార్డులో ఉన్న రోగుల షీట్లు మాత్రమే. హెచ్.ఐ.వి. పరీక్షలు, మానసిక వైద్యం కాగితాలు వేరే తాళం కింద ఉంటాయి. ఇందుకు 2017లో వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం, అదే సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఉన్నాయి. అత్యవసరంలో డ్యూటీ డాక్టరు గారు ఏ షీటైనా తెరవవచ్చు, కాని ఎందుకు తెరిచారో కారణం రాయాలి. ఎవరు, ఏ రోజు, ఏ గంటకు తెరిచారో కంప్యూటరు రాసుకుంటుంది, ఆ జాబితా నెలకొకసారి మేము చదువుతాం. పరామర్శకు వచ్చే సంఘ పెద్దలు, మహిళా సమాజం వారు కౌంటరులో జబ్బు వివరాలు అడిగితే మా పిల్లలు చెప్పరు. దయచేసి నొచ్చుకోవద్దు. రోగినే అడగండి, వారికి ఇష్టమైతే వారే చెబుతారు.

రాసినది చెరిపివేయడానికి ఎవరికీ వీలులేదు. నర్సింగ్ స్కూలులో మాకు మొదటి వారమే నేర్పిన పాఠమిది. తప్పు రాస్తే దిద్దవద్దు, రుద్దవద్దు, ఒక్క గీత గీసి పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి, కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి. కంప్యూటరులోనూ అంతే, సరిదిద్దితే పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది. ఒక మనిషికి పొరపాటున రెండు నంబర్లు పడితే ఒకటి కొట్టివేయం. రెండింటినీ కలుపుతాం, అదీ ఇద్దరు చూసి సరేనన్న తరువాతనే. విడిగా ఉంటే ఆలస్యమే అవుతుంది, వేరొకరితో కలిసిపోతే ఆ రాత్రి లాంటిది మళ్ళీ జరుగుతుంది.

ఎన్నాళ్ళు ఉంచుతారని అడిగేవారున్నారు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం అడ్మిట్ అయినవారి రికార్డు చికిత్స మొదలైన రోజు నుండి కనీసం మూడేళ్ళు ఉంచాలి. మీరు గాని, మీరు అధికారం ఇచ్చినవారు గాని అడిగితే డెబ్భై రెండు గంటలలో కాగితాలు ఇవ్వాలి. పోలీసు కేసుతో సంబంధం ఉన్నవి తీర్పు వచ్చేదాకా కదిలించం. మిగతావాటికి చట్టం కన్నా ఎక్కువ కాలమే పెట్టుకున్నాం, పిల్లలవైతే వారు పెద్దవారయ్యేదాకా. అయితే శాశ్వతంగా కాదు. అక్కరలేనిది కుప్పగా ఉంచితే అక్కరకు వచ్చేది దొరకదు, దొంగ చేతికి చిక్కేదీ పెరుగుతుంది.

దొంగ అంటే కంప్యూటరు దొంగ. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ అంతటి సంస్థ కంప్యూటర్లనే దుండగులు పనిచేయకుండా చేశారు. రోజుల తరబడి అక్కడివారు చేతిరాతతో పని నడిపారు. ఆ వార్త చదివాక మా కుర్రవాడిని కూర్చోబెట్టి అడిగాం. మూడు నకళ్ళు ఉండాలి, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి ఈ ఆవరణ బయట ఉండాలి అన్నాడు. నకలు ఉందంటే చాలదు, దానిలోనుండి తిరిగి తెచ్చి చూపించమన్నాను. మొదటిసారి రాలేదు! నెలరోజులుగా ఖాళీ నకళ్ళు తీస్తున్నారట. ఇప్పుడు మూడు నెలలకొకసారి తెప్పించి చూస్తున్నాం. కరెంటు పోయినా, తుఫాను వచ్చినా ప్రతి వార్డులో ఒక పెట్టెలో అచ్చు ఫారాలు, బాల్ పెన్నులు, టార్చిలైటు ఉంటాయి. సాఫ్ట్‌వేరు ఇచ్చినవారు రేపు దుకాణం మూసివేసినా మన కాగితాలు మనకు ఎవరైనా తెరవగల మామూలు పి.డి.ఎఫ్. రూపంలో తిరిగి రావాలని ఒప్పందంలో రాయించాం.

ఇక మీరు వచ్చేటప్పుడు చేయవలసినవి కొన్ని. పాత నీలం కార్డు ఉంటే పారవేయకండి, చిరిగినా సరే తీసుకురండి, దాని మీది నంబరుతో పాత షీటు త్వరగా దొరుకుతుంది. మీకున్న పేర్లన్నీ చెప్పండి. ఏ మందు పడలేదో, ఏ ఊళ్ళో ఎప్పుడు జరిగిందో మందు పేరు తెలియకపోయినా చెప్పండి, ఖాళీ అట్ట ఉంటే ఇంకా మంచిది. పెద్దవారిని తీసుకువచ్చేటప్పుడు ఇంట్లో వారి సంగతి బాగా తెలిసినవారు వెంట రండి. ఇతర ఆసుపత్రుల డిశ్చార్జి కాగితాలు ఇస్తే స్కాన్ చేసి అసలు మీకే ఇచ్చేస్తాం. కొత్త కార్డు కౌంటరు నంబరు రెండులో ఉదయం ఎనిమిది నుండి ఇస్తున్నారు, సోమవారం రద్దీ ఎక్కువ గనుక వీలైనవారు మధ్యాహ్నం పూట రాగలరు.